చూపు నేర్చుకొను కాలము

కన్ను చూచునని మనము చెప్పుకొందుము. నిజమునకు కన్ను వెలుగును లోనికి తెచ్చు ద్వారము మాత్రమే. ఆ వెలుగును రూపముగా గ్రహించునది మెదడు. శిశువు నడకను, మాటను నేర్చుకొనునట్లే చూచుటను గూడ నేర్చుకొనును. ఈ విద్యకు పుట్టిన తొలి మాసములు మిక్కిలి ముఖ్యమైనవి.

కొందరు శిశువులు పుట్టుకతోనే కంటి శుక్లములు కలిగియుందురు. “శుక్లము ముదరనిండు, బిడ్డ కొంత పెరిగిన పిమ్మట తీయింతము” అని పెద్దలు తలచుట కలదు. వృద్ధులకు ఆలస్యముగా శుక్లము తీసినను సాధారణముగా చూపు మరల వచ్చును. ఏలయన వారి మెదడు చూచుట ఎన్నడో నేర్చియున్నది. పసిబిడ్డ విషయము అట్టిది కాదు.

1960 తరువాతి సంవత్సరములలో అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లికూనల ఒక కంటి రెప్పలను తొలి మాసములందు మూసియుంచిరి. పిమ్మట తెరచినను ఆ కంటికి చూపు రాలేదు. ఆ కంటికి చెందవలసిన మెదడు కణములు చాలవరకు రెండవ కంటికి వశమై యుండెను. పెరిగిన పిల్లులకు అట్లు చేసినపుడు ఈ హాని కలుగలేదు. 1981 నోబెల్ బహుమానమున వీరికి భాగము లభించినది.

అట్లని ఆలస్యమైనవారు ఆశ వదలుకొనరాదు. మన దేశమున పవన్ సిన్హా ప్రారంభించిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ ద్వారా, పుట్టుకనుండి చూపునకు నోచుకొనని పెద్దపిల్లలకును చికిత్స జరిగినది. 2011లో ప్రకటింపబడిన పరిశీలనలో 8 మొదలు 17 ఏండ్ల వయస్సుగల ఐదుగురు, చేతితో తడిమి ఎరిగిన వస్తువును చికిత్స జరిగిన వెంటనే కంటితో గుర్తింపలేకపోయిరి. కొన్నాళ్లకు మరల పరీక్షింపగా ఆ నేర్పు వృద్ధిపొందినది. అయినను ఇట్టివారికి సూక్ష్మమైన చూపు పూర్తిగా అలవడుట అరుదు.

కావున తల్లిదండ్రులు ఈ లక్షణములను కనిపెట్టియుండవలెను: కనుపాప తెల్లగా కనబడుట, మూడు మాసములు నిండినను బిడ్డ తల్లి ముఖముపై చూపు నిలుపకుండుట, కన్నులు నిలుకడలేక ఊగులాడుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను నాటు మందులు వేయక, వెంటనే కంటివైద్యునికి చూపవలెను. పుట్టు శుక్లమునకు సాధారణముగా మొదటి రెండు మాసములలోగా శస్త్రచికిత్స జరుగుట మేలు. పిమ్మట కంటి అద్దములు వాడించుటయు, వైద్యుడు చెప్పినచో మంచి కంటికి పట్టీ కట్టుటయు మానరాదు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టు శుక్లము గూడ చేరియున్నది. శుక్లమును ఎప్పుడైనను తీయవచ్చును; గడచిన కాలమును మాత్రము తిరిగి తేజాలము.