మీకు తెలుసా? గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు!

కర్ణాటకలోని సోమేనహళ్ళి నుంచి బాగేపల్లి మీదుగా ఉత్తరానికి, రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్తే శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి కొండలున్నాయి. 1990లలోనే అక్కడ గాలిమరలు వెలిశాయి.

• పెద్ద మర రెక్కలు నిమిషానికి 15–20 చుట్లే తిరుగుతాయి. లోపలి గేర్‌బాక్స్ ఆ వేగాన్ని దాదాపు 1,500 చుట్లకు పెంచి జనరేటర్‌ను తిప్పుతుంది. అందులో అయస్కాంత క్షేత్రం, రాగి తీగచుట్టలు ఒకదాన్నొకటి దాటుతుంటే కరెంటు పుడుతుంది.

• గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మరల కోసం గాలి జోరెక్కువుండే కొండకొమ్ములు వెతికేది అందుకే.

• గాలి శక్తిలో 59.3 శాతానికి మించి ఏ మరా పట్టలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ తేల్చారు.

• గాలి సెకనుకు సుమారు 25 మీటర్లు దాటితే మర తనంతట తానే ఆగిపోతుంది.

• రామగిరి ప్రాంతంలో జూన్–సెప్టెంబరు నెలల్లో నైరుతి గాలులు జోరుగా వీస్తాయి. వాన ముఖం చాటేసిన ఏడాది కూడా ఈ మెట్టనేల కరెంటు పండించగలదు.