పల్లీ కారం పట్టించిన పాస్ట్రమీ

న్యూయార్క్ లింకన్ సెంటర్ అంటే సింఫనీలు, ఆపెరాలు, కోటూ బూటూ. అక్కడి డేవిడ్ గెఫెన్ హాల్లోనే, పొద్దుగూకితే హిప్‌హాప్ దంచే చోటు ఒకటుంది. పేరు టటియానా. షెఫ్ క్వామే ఒన్వాచీ 2022లో తెరిచి తన అక్క పేరు పెట్టాడు. మరుసటేడే న్యూయార్క్ టైమ్స్ వంద మేటి రెస్టారెంట్ల జాబితాలో దీన్ని మొదట నిలబెట్టింది. ఇక టేబుల్ దొరకడమంటే పండగ ముందు రైలు టికెట్టే!

ఫ్యూజన్ అంటే నాకు అనుమానమే. ఆ పేరుతో మంచూరియన్ దోసెలు తిన్నవాళ్లం కదా. ఒన్వాచీ వంటకాల్లోని కలగలుపు మాత్రం అతని ఇంట్లోదే. తండ్రిది నైజీరియా. కుటుంబానికి జమైకా, ట్రినిడాడ్, లూసియానా వేళ్లూ ఉన్నాయి. పెరిగింది బ్రాంక్స్‌లో. చిన్నప్పుడు కొన్నాళ్లు నైజీరియాలో తాత దగ్గరున్నాడు.

పేరు మోసిన పళ్లెం పాస్ట్రమీ సుయా. సుయా ఉత్తర నైజీరియా హౌసా వాళ్ల వీధి తిండి. వేరుశనగ పొడి, అల్లం, ఎండు మిరప కలిపి మాంసానికి పట్టించి నిప్పుల మీద కాలుస్తారు. పాస్ట్రమీయేమో ఊరబెట్టి పొగ పట్టించిన మాంసం, న్యూయార్క్ యూదుల దుకాణాల సొత్తు. రెండూ ఒకే పక్కటెముక మీద కలిశాయి. మా అక్క కూతురు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఆ పాటల హోరులో నా చెవి దగ్గరికి వంగి అరిచింది: "పిన్నీ, ఇది మన పల్లీ కారమే!" వెల్లుల్లి తగ్గిందన్నాను నేను. అది గొడ్డు మాంసం. వద్దనుకుంటే మేక ఉంది.

ఆ మేక ప్యాటీ తుంచితే పసుపు రంగు కూర వేళ్లకంటింది. కరీబియన్‌కు కూర ఓడలెక్కి వెళ్లింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి, 1845 నుంచి మన దేశపు కూలీలను ఒప్పందాల మీద జమైకా, ట్రినిడాడ్ తీసుకెళ్లారు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. జమైకాలో ఇవాళ 'కర్రీ గోట్' లేని పెళ్లి విందు ఊహించలేం.

ఎగుసీ డంప్లింగులు కూడా పరాయివనిపించలేదు. ఎగుసీ అంటే పుచ్చజాతి కాయ గింజలు. మనం కూర చిక్కబడటానికి గసగసాలు నూరినట్టు వాళ్లు వీటిని నూరుతారు.

ఈ నేల సంగతి కూడా చెప్పాలి. లింకన్ సెంటర్ రాకముందు ఇది శాన్ వాన్ హిల్ పేట. నల్లజాతి వాళ్లు, ప్యూర్టో రికో వాళ్లు, కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ పెరిగింది ఇక్కడే. 1950ల్లో దీన్ని మురికివాడగా ముద్ర వేసి కూలగొట్టారు. ఏడు వేలకు పైగా కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి.

మేం లేచేసరికి పక్క టేబుల్‌కు ఆక్స్‌టెయిల్ వచ్చింది. జమైకా ఇళ్లలో ఆదివారాలు గంటల తరబడి ఉడికే కూర అది. ఎముక చప్పరించడానికి వాళ్లు ఫోర్కులు పక్కన పెట్టేశారు.