క్లోమంలో ముద్దకట్టే అమైలిన్

ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాపురం స్వర్ణ జయంతి పార్కులో పొద్దున్నే నడకకు వచ్చే తెలుగువాళ్ల మధ్య షుగర్ మాట తప్పకుండా వస్తుంది. అందులో పదే పదే వినిపించే బాధ ఒకటుంది: "మొదట్లో ఒక్క మాత్రతో అదుపులో ఉండేదండీ. తర్వాత రెండయ్యాయి, మూడయ్యాయి. ఇప్పుడు డాక్టరుగారు ఇన్సులిన్ అంటున్నారు. నేనేం తప్పు చేశానో!" ఇంట్లోవాళ్లు నేరమంతా మొన్న పెళ్లిలో తిన్న లడ్డూమీద వేస్తారు. ఆ నింద చాలావరకు అన్యాయం. టైప్ 2 మధుమేహం ఏళ్లు గడిచేకొద్దీ ముదరడానికి క్లోమం లోపలే కారణాలున్నాయి. వాటిలో ఒకటి అమైలిన్ అనే చిన్న ప్రోటీన్ ముద్దకట్టడం.

క్లోమంలో అక్కడక్కడా గుంపులుగా ఉండే కణాలను లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. వాటిలోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయని అందరికీ తెలుసు. అవే కణాలు, అదే సంచిలో పెట్టి, అమైలిన్‌ను కూడా పంపిస్తాయి. ఇన్సులిన్ వంద పాళ్లయితే ఇది సుమారు ఒక పాలు. ఇది మనకు అవసరమైనదే. అన్నం పొట్టలోంచి పేగుల్లోకి నెమ్మదిగా దిగేలా చూస్తుంది, కడుపు నిండిందని మెదడుకు చెబుతుంది.

1901లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో యూజీన్ ఓపీ అనే వైద్యుడు, మధుమేహంతో చనిపోయినవారి పుటికల్లో గాజులా మెరిసే పదార్థం పేరుకుపోయి ఉండటం గమనించాడు. అదేమిటో తేలడానికి 1980ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది. స్వీడన్‌లో పెర్ వెస్టర్‌మార్క్ బృందం, బ్రిటన్‌లో గార్త్ కూపర్ బృందం విడివిడిగా పనిచేసి, అది 37 అమైనో ఆమ్లాల ప్రోటీన్ అని తేల్చాయి. టైప్ 2 మధుమేహంతో చనిపోయినవారిలో అత్యధికుల క్లోమాల్లో ఈ పేరుడు కనిపిస్తుంది.

మంచి ప్రోటీన్ ఎందుకిలా మారుతుంది? బీటా కణం సంచిలో ఆమ్లత ఎక్కువ, పక్కనే ఇన్సులిన్ ఉంటుంది. ఈ రెండూ అమైలిన్‌ను విడివిడిగా ఉంచుతాయి. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి, కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేస్తే, బీటా కణం మరింత ఇన్సులిన్ వదలాల్సి వస్తుంది. దానితోపాటు అమైలిన్ కూడా ఎక్కువగా బయటపడుతుంది. కణం బయట దానికి ఆ రక్షణ లేదు. కొన్ని అణువులు మెలికపడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. మొదట ఈ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. చిన్న గుంపు ఒకటి కుదిరిందంటే, పాలలో తోడు పడ్డట్టే, చుట్టూ ఉన్నవన్నీ వేగంగా ఆ రూపంలోకి వచ్చేస్తాయి.

చివరికి పొడవాటి పోగులు తయారై కణాల మధ్య పేరుకుంటాయి. అయితే అంతకన్నా ఎక్కువ హాని చేసేవి మధ్య దశలోని చిన్న గుంపులేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అవి కణపొరకు చిల్లులు పెడతాయి, వాపును రేపుతాయి, బీటా కణాన్ని చావు వైపు నెడతాయి. మిగిలిన కణాల మీద భారం ఇంకా పెరుగుతుంది. మధుమేహానికి ఇదొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. ఇది మొదలా, పర్యవసానమా అన్న వాదం ఇంకా నడుస్తోంది. కానీ ఎలుకల నుంచి వచ్చిన సాక్ష్యాన్ని తోసిపుచ్చలేం. మామూలు ఎలుకల అమైలిన్ ముద్దకట్టదు. అందులో కీలకమైన చోట ప్రోలీన్ అనే అమైనో ఆమ్లాలు మూడు ఉండి అడ్డుపడతాయి. మనిషి అమైలిన్ జన్యువును చుంచులకు ఎక్కిస్తే, వాటిలో చాలా రకాలకు మధుమేహం వస్తుంది. పిల్లులకు మనలాగే ఈ పేరుడూ ఉంది, మధుమేహమూ వస్తుంది. ఎలుక నేర్పిన ఆ మూడు ప్రోలీన్ల కిటుకుతోనే ప్రామ్లింటైడ్ అనే మందును తయారుచేశారు. 2005లో అమెరికా దానికి అనుమతిచ్చింది. అయితే అది అమైలిన్ లోటు తీరుస్తుందే గానీ, పేరుకున్న ముద్దలను కరిగించదు.

మనదేశంలోనూ ఈ విషయంపై మంచి పని జరుగుతోంది. ఐఐటీ బొంబాయిలో షామిక్ సేన్ బృందం 2025లో ఒక సంగతి బయటపెట్టింది. కణాల చుట్టూ ఉండే కొల్లాజెన్-1 పోగులకు అమైలిన్ అతుక్కుని, మరింత త్వరగా ముద్దకడుతుంది. మధుమేహం ఉన్న క్లోమంలో ఈ కొల్లాజెన్ పెరుగుతుంది కూడా. అంటే కణం లోపలికే మందు పంపితే చాలదు, దాని పరిసరాలనూ పట్టించుకోవాలి. నాకు ఇది చాలా ముఖ్యమైన మలుపుగా అనిపిస్తుంది.

ఈ ముద్దలను చూపించే పరీక్ష మన వీధి ల్యాబుల్లోనే కాదు, పెద్దాసుపత్రుల్లోనూ మామూలుగా దొరకదు. కాంగో రెడ్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడటానికి క్లోమం ముక్క కావాలి. మన చేతిలో ఉన్నది రక్తపరీక్ష. అది చెప్పేసరికే చాలా జరిగిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, వ్యాధి బయటపడేనాటికే బీటా కణాల శక్తి దాదాపు సగానికి పడిపోయినట్టు లెక్కతేలింది. అందుకే షుగర్‌కు ముందుండే ప్రీడయాబెటిస్ దశను తేలిగ్గా తీసుకోకూడదు. ఐసీఎంఆర్ 2023లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం, 13.6 కోట్లమందికి ప్రీడయాబెటిస్ ఉన్నాయి. మా ఉత్తరప్రదేశ్‌లో, షుగర్ ఉన్న ఒక్కొక్కరికి దాదాపు నలుగురు ఆ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆ గుమ్మం నుంచి వెనక్కి రావచ్చు. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మందిపై చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, నడక, ఆహార మార్పులతోనే మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. బీటా కణం మీద బరువు తగ్గితే అది వదలాల్సిన ఇన్సులిన్, దానితోపాటు అమైలిన్, రెండూ తగ్గుతాయి.

ముప్పై దాటినవాళ్లు, ముఖ్యంగా అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్లు, ఏడాదికొకసారి పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. పరగడుపున 100 నుంచి 125 మధ్య వచ్చినా, సగటు 5.7 నుంచి 6.4 మధ్య వచ్చినా, "ఇంకా షుగర్ రాలేదుగా" అని రిపోర్టు మడిచి పెట్టకుండా డాక్టరుకు చూపించండి. ఇప్పటికే షుగర్ ఉండి డాక్టరు ఇన్సులిన్ రాస్తే, ఎవరి మాటలకో నొచ్చుకుని వాయిదా వేయకండి, ఆ రోజే మొదలుపెట్టండి.