రేవులో మాఫియా ఎలా పుడుతుంది?



1975లో వచ్చిన హిందీ 'దీవార్', 1976లో ఎన్.టి.రామారావు గారు నటించిన దాని తెలుగు రూపం 'మగాడు' మనలో కొందరైనా చూసే ఉంటారు. 'దీవార్'లో రేవు కూలీల దగ్గర రౌడీలు మామూళ్లు గుంజుతారు. హీరో వాళ్లను చితక్కొడతాడు. చప్పట్లు కొడతాం. నిజజీవితంలో ఒక రౌడీ పోతే ఇంకొకడు వస్తాడు. ఎందుకు?

ఓడ ఎప్పుడొస్తుందో ఖాయంగా తెలియదు. వచ్చిన రోజు వందలమంది కళాసీలు కావాలి. రాని రోజు ఎవరూ అక్కర్లేదు. అందుకే గేటు దగ్గర పనికన్నా మనుషులే ఎక్కువ. ఎవరిని లోపలికి పిలవాలో మేస్త్రీ ఇష్టం. ఆ ఇష్టానికే ధర పలుకుతుంది. ముందు కూలీలో వాటా, తర్వాత వడ్డీకి అప్పు, చివరికి సరుకు పోతున్నా నోరు మూసుకోవడం. మాఫియా పునాది ఇదే.

న్యూయార్క్ రేవుల్లో ఇలాగే జరిగింది. 1948లో మాల్కం జాన్సన్ అనే విలేఖరి దీనిపై వరుసగా రాసి పులిట్జర్ బహుమతి పొందాడు. 1953లో అక్కడి ప్రభుత్వాలు ప్రత్యేక కమిషన్ వేశాయి. అది 2023 దాకా పనిచేసింది. మన దేశంలో బొంబాయి రేవులో కూలీగా మొదలైన హాజీ మస్తాన్ స్మగ్లింగ్ నాయకుడయ్యాడు.

మరి మన విశాఖ? 1933లో ఇక్కడ ఓడరేవు ప్రారంభమైంది. 1948లో కేంద్రం డాక్ కార్మికుల చట్టం తెచ్చింది. దాని ప్రకారం 1959లో విశాఖ డాక్ లేబర్ బోర్డు ఏర్పడింది. అందులో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ముగ్గురికీ స్థానం ఉంది. కార్మికుల పేర్లు రిజిస్టరులోకెక్కాయి. వంతు ప్రకారం పని, పని లేని రోజు హాజరు భత్యం వచ్చాయి. అన్యాయమంతా పోయిందని కాదు గానీ, మేస్త్రీ దయ ఉండే చోట వరుస నంబరు వచ్చింది. రౌడీని కొట్టకుండానే వాడి సంపాదన మార్గం మూసే పద్ధతి ఇది.

తర్వాత యంత్రాలు, కంటైనర్లు వచ్చాయి. మనుషుల అవసరం తగ్గింది. 2008లో బోర్డు పోర్టు ట్రస్టులో కలిసిపోయింది. కాంట్రాక్టు పని పెరిగింది.

రేవులో దోపిడీ కూలీతో ఆగదు, సరుకుకూ పాకుతుంది. 2024 నవంబరులో కాకినాడ తీరంలో స్టెల్లా ఎల్ ఓడలో రేషన్ బియ్యం బయటపడింది. అది 1,320 టన్నులని డిసెంబరులో కలెక్టర్ ప్రకటించారు. పేదవాడి కంచంలోకి రావలసిన బియ్యం అది. మన హాస్టల్ అన్నం కూడా ప్రభుత్వ బియ్యమే కదా! ఊరూరా కొని, మిల్లులో సంచి మార్చి, ఓడ దాకా చేర్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

మిత్రులారా! మనలో చాలామంది తండ్రులు, అన్నలు హమాలీలు, పోర్టులోనో స్టీల్‌ప్లాంటులోనో కాంట్రాక్టు కార్మికులు. మన ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మనమే. ఈసారి ఇంటికెళ్లినప్పుడు నాన్నగారి జీతం చీటీ చదవండి. పి.ఎఫ్. నిజంగా జమ అవుతోందో చూడండి. జీతం బ్యాంకులో పడ్డాక అందులో కొంత తిరిగిమ్మని ఎవరైనా అడుగుతున్నారేమో కనుక్కోండి. అడిగితే, అది సినిమాలో చూసిన ఆ పాత మామూలే. ఒక్కరుగా కాదు, యూనియన్‌తో కలిసి లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించండి. ఆ అర్జీ రాయగల చెయ్యి ఇప్పుడు మన ఇంట్లోనే ఉంది.