కొలువునకు తగిన నేర్పు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యువకులనేకులు సాఫ్ట్‌వేరు కొలువులకై బెంగుళూరు పోవుచున్నారు. కంప్యూటరునకు వరుస తప్పక ఆజ్ఞలు వ్రాయుటయే ఆ పని. అట్టివారిని ఎన్నుకొనునపుడు, ఆ పనికి సంబంధింపని యితర నేర్పులకు ఎంత విలువ యీయవలెను?

పుంగనూరు ఆవును పొట్టిదని యెవరును విడువరు; పాలలోని వెన్నను చూతురు. ఎద్దును కొనువాడు కాడి గట్టి చూచును గాని మెడలోని గంటలు లెక్కింపడు. కావున మొదట పని యిచ్చి చూడవలెను.

కుప్పమున 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ యొక పథకము నారంభించెను. అందు కొందఱు గ్రామస్త్రీలు డిజిటల్ కెమెరాతో చిత్రములు తీసి, సూర్యశక్తితో నడచు యంత్రముపై అచ్చువేసి ధనము గడించిరి. మంచి విద్యయే, కాని యంత్రమును వాడుట వేఱు, దానికి ఆజ్ఞలు వ్రాయుట వేఱు.

మఱి మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయు జకార్డు మగ్గమును చూడుడు. అట్టలకు పొడిచిన రంధ్రముల వరుసయే చీరపై పువ్వగును. ఒక్క రంధ్రము తప్పిన పువ్వు చెడును. ఈ యట్టల పద్ధతినే 19వ శతాబ్దమున చార్లెస్ బాబేజి తన గణనయంత్రమునకు గ్రహించెను. అట్టలు పొడుచు నేర్పు పైకి వేఱు. లోపలి బుద్ధి యొక్కటే. మాతృభాషపై అధికారము సైతము ప్రోగ్రాము వ్రాయువానికి ముఖ్యగుణమని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1975లో వ్రాసెను.

పనిలో ఇరువురు సమానముగ తేలినచో, ఇట్టి నేర్పు గలవానివైపు త్రాసు మొగ్గవచ్చును. పనియే రానివానికి ఎన్ని నేర్పులున్నను ఫలము లేదు. పిల్లలకు యోగ్యతాపత్రములు కూర్చుటకై పొలము కుదువబెట్టుటకు ముందు, ఆ చదువు వరుసగా ఆలోచించు బుద్ధి నిచ్చునా యని విచారింపుడు.