హెజిమొనీ: పెత్తనానికి సమ్మతి తోడైనప్పుడు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు ‘డామినెన్స్’, ‘హెజిమొనీ’ అనే ఆంగ్ల పదాల మధ్య తేడాను వివరించగలుగుతారు.

1. పదాల మూలం

ఈ రెండు పదాలకూ మన పుస్తకాల్లో ఎక్కువగా ‘ఆధిపత్యం’ అనే అనువాదమే కనిపిస్తుంది. కానీ వాటి మూలాలు వేరు. డామినెన్స్‌కు మూలమైన లాటిన్ పదం ‘డామినుస్’కు యజమాని అని అర్థం, మన పల్లె మాటలో చెప్పాలంటే దొర. హెజిమొనీకి మూలమైన గ్రీకు పదం ‘హెగెమోన్’కు నాయకుడు అని అర్థం. యజమాని ఆజ్ఞాపిస్తాడు, నాయకుడి వెంట జనం నడుస్తారు.

2. గ్రాంసీ ఇచ్చిన అర్థం

ఇటలీ మార్క్సిస్టు మేధావి ఆంటోనియో గ్రాంసీ (1891–1937)ని ముస్సోలినీ ప్రభుత్వం 1926లో నిర్బంధించింది. జైలులో రాసుకున్న నోటు పుస్తకాల్లో ఆయన ఈ పదాన్ని విస్తరించారు. పాలకవర్గం పోలీసు, సైన్యాలతో మాత్రమే నిలబడదు. తన ఆలోచనలు అందరికీ లోకజ్ఞానంగా తోచేటట్లు చేసి, పాలితుల సమ్మతిని కూడా పొందుతుంది. ఈ సమ్మతితో కూడిన ఆధిపత్యమే హెజిమొనీ.

3. మన ప్రాంతం నుంచి ఉదాహరణ

బీర్పూర్, కోరుట్ల, సిరిసిల్ల పరిసరాల్లో ‘వాని పెత్తనమేంది?’ అంటే అది డామినెన్స్‌ను ప్రశ్నించడమే. దొర గడీకి వెట్టి చేయకపోతే దెబ్బలు తప్పవన్న భయం డామినెన్స్. ‘దొర భూమి దొరదే, మన రాత ఇంతే’ అన్న నమ్మకం హెజిమొనీ.

1978 సెప్టెంబరులో రైతుకూలీలు జగిత్యాలలో జరిపిన భారీ ప్రదర్శన ‘జగిత్యాల జైత్రయాత్ర’గా పేరుపొందింది. ఆ ఉద్యమకాలంలో కొన్ని ఊళ్లలో చాకలి, మంగలి వృత్తులవారు భూస్వాములకు పని మానివేశారు. ఆయుధం పట్టకుండానే వారు ఉపసంహరించుకున్నది తమ సమ్మతిని. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సమ్మతి సడలిన చోట బలప్రయోగం బయటపడుతుందన్న గ్రాంసీ సూత్రానికి ఇది దగ్గరి ఉదాహరణ.

4. వాడుకలో జాగ్రత్త

తల వంచిన ప్రతివాడూ సమ్మతించాడని అనుకోరాదు. ‘బాంచన్ దొరా, కాల్మొక్త’ అన్న మనిషి లోలోపల తిట్టుకుని ఉండవచ్చు. అక్కడ హెజిమొనీ అని రాస్తే, పీడితుడే పీడనను ఒప్పుకున్నాడన్న నింద వేసినట్లవుతుంది. చరిత్రకారుడు రణజిత్ గుహ భారతదేశంలో వలస పాలనను హెజిమొనీ లేని డామినెన్స్‌గా వర్ణించడం ఇందుకే గమనార్హం.

కాబట్టి రాసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: భయం తొలగినా ఆ విధేయత నిలుస్తుందా? నిలిస్తే హెజిమొనీ, నిలవకపోతే డామినెన్స్. అంతర్జాతీయ రాజకీయాల్లో మాత్రం ‘అమెరికా హెజిమొనీ’ అన్నప్పుడు ఒక దేశం ఇతర దేశాలపై చూపే అగ్రాధిపత్యమనే అర్థమే ఎక్కువ. సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరిలో ఎవరూ ప్రశ్నించని ఒక ఆచారాన్ని తీసుకోండి. అది భయం వల్ల సాగుతున్నదా, నమ్మకం వల్లనా? ఐదు వాక్యాల్లో రాయండి.