జాంగో డేటాబేస్ మోడళ్లలో చిత్రకొలతల యథార్థత: తాళపత్ర చిత్రనిధులకు అన్వయం

వ్యాససంగ్రహం:

తాళపత్ర ప్రతులు, పాత పత్రికలు, అరుదైన ముద్రిత గ్రంథాలు చిత్రరూపంలో భద్రమవుతున్న కాలమిది. ఆ చిత్రాల వెడల్పు, ఎత్తులను డేటాబేస్‌లో విడిగా నమోదు చేయడం పరిపాటి. అలా నమోదైన కొలత అసలు చిత్రంతో సరిపోలకపోతే, పాఠంపై పరిశోధకుడు చేసిన గుర్తింపులు వేరొక పంక్తికి, వేరొక అక్షరానికి జరిగిపోయే ప్రమాదం ఉంది. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఈ కొలతలను ఏ సందర్భాల్లో తానుగా సరిచేస్తుంది, ఏ సందర్భాల్లో సరిచేయదు, నిధి నిర్వాహకులు పాటించవలసిన పద్ధతి ఏమిటి అనే అంశాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: జాంగో, ఇమేజ్‌ఫీల్డ్, చిత్రకొలతలు, పిక్సెల్, తాళపత్ర ప్రతులు, డిజిటల్ నిధి, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

లిఖిత ప్రతుల వర్ణనాత్మక సూచికలు ఒక్కొక్క ప్రతికి పత్రాల సంఖ్య, పరిమాణం, పుటకు ఎన్ని పంక్తులు అనే వివరాలు ఇవ్వడం మనకు తెలిసిందే. సూచిక తయారైన తరువాత ప్రతిలో రెండు పత్రాలు శిథిలమైపోతే సూచికలోని సంఖ్య తనంతట తాను మారదు. ఎవరో ఒకరు ప్రతిని మళ్లీ చేతపట్టి లెక్కించి సవరించాలి. అప్పటివరకు సూచిక చెప్పేది ఒకటి, ప్రతి చూపేది మరొకటి.

డేటాబేస్‌లో నమోదైన చిత్రకొలత స్వభావం కూడా ఇదే. చిత్రం వెడల్పు ఎన్ని పిక్సెళ్లు, ఎత్తు ఎన్ని పిక్సెళ్లు అనే సమాచారం చిత్రపు ఫైలులోనే ఉంటుంది. డేటాబేస్‌లో ఉన్నది దాని నకలు మాత్రమే. మూలం మారే ప్రతి మార్గంలోనూ నకలు కూడా మారే ఏర్పాటు ఉంటేనే నకలు నమ్మదగినది అవుతుంది. ఈ వ్యాసంలోని చర్చకు ఇదే ఆధారసూత్రం.

2. కొలతలను విడిగా నమోదు చేయడం ఎందుకు?

ఫైలులోనే కొలత ఉన్నప్పుడు దాన్ని మరొకచోట రాసిపెట్టడం దేనికి అనే ప్రశ్న సహజం. దీనికి మూడు ప్రయోజనాలున్నాయి.

మొదటిది వేగం. ఒక పుటలో వంద చిత్రాల పట్టిక చూపాలంటే వంద ఫైళ్లను తెరిచి కొలవడం కంటే డేటాబేస్ నుంచి వంద జతల సంఖ్యలను తెచ్చుకోవడం సులభం. చిత్రాలు దూరంగా ఉన్న క్లౌడ్ నిల్వలో ఉంటే ఈ తేడా మరింత ఎక్కువ. రెండవది ప్రదర్శన. వెడల్పు, ఎత్తులు ముందే తెలిస్తే బ్రౌజర్ చిత్రం రాకముందే దానికి తగిన జాగాను కేటాయిస్తుంది. లేకపోతే ఒక్కొక్క చిత్రం వచ్చినప్పుడల్లా చదువుతున్న పాఠం కిందికి జరిగిపోతుంది. మూడవది, పరిశోధకులకు అత్యంత ముఖ్యమైనది, స్థాననిర్దేశం. "ఈ పత్రంలో ఈ పంక్తిలో ఈ అక్షరం సందిగ్ధం" అని చిత్రంపై గుర్తు పెట్టినప్పుడు ఆ గుర్తు ఎడమ అంచు నుంచి ఇన్ని పిక్సెళ్లు, పై అంచు నుంచి ఇన్ని పిక్సెళ్లు అనే సంఖ్యల రూపంలోనే భద్రమవుతుంది. కొలత తప్పితే గుర్తు తప్పుతుంది.

3. జాంగోలో కొలతల నమోదు విధానం:

జాంగో పైథాన్ భాషలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ పట్టణపు దినపత్రిక కార్యాలయంలో 2003లో రూపుదిద్దుకొని, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో డేటాబేస్ పట్టికను 'మోడల్' అనే పైథాన్ తరగతిగా నిర్వచిస్తారు. చిత్రాల కోసం 'ఇమేజ్‌ఫీల్డ్' అనే క్షేత్రం ఉంది. పిల్లో అనే చిత్రసాధనం వ్యవస్థలో ఉంటేనే ఇది పనిచేస్తుంది.

ఇమేజ్‌ఫీల్డ్ చిత్రాన్ని డేటాబేస్‌లో దాచదు. చిత్రం ఉన్న చోటు, ఫైలు పేరు మాత్రమే పట్టికలో చేరతాయి. మోడల్‌లో వెడల్పుకు ఒకటి, ఎత్తుకు ఒకటి చొప్పున రెండు పూర్ణాంక క్షేత్రాలను ఏర్పరచి, వాటి పేర్లను ఇమేజ్‌ఫీల్డ్‌కు 'విడ్త్‌ఫీల్డ్', 'హైట్‌ఫీల్డ్' అనే ఐచ్ఛికాల ద్వారా తెలియజేస్తే జాంగో ఆ రెండింటినీ తానే నింపుతుంది. ఈ నింపడం రెండు ఘట్టాల్లో జరుగుతుంది.

అ) అప్పటికే చిత్రం ఉన్న వస్తువుకు కొత్త చిత్రాన్ని కేటాయించినప్పుడు జాంగో కొలతలను తప్పనిసరిగా మళ్లీ లెక్కిస్తుంది. కొత్తగా అప్‌లోడ్ అయిన ఫైలును నిల్వలో చేర్చేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

ఆ) డేటాబేస్ నుంచి ఒక వరుసను చదివి వస్తువుగా మలచినప్పుడు జాంగో కొలతల క్షేత్రాలను చూస్తుంది. అవి ఖాళీగా ఉంటే ఫైలును తెరిచి కొలుస్తుంది. నిండి ఉంటే ఉన్న విలువలనే అంగీకరిస్తుంది.

రెండవ నియమం వేగం కోసం చేసిన ఏర్పాటు. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. 'నిండి ఉండటం' వేరు, 'సరిగా ఉండటం' వేరు. ఒకసారి తప్పు విలువ చేరితే, ఎన్నిసార్లు చదివినా జాంగో దాన్ని ప్రశ్నించదు.

4. కొలత తప్పే మార్గాలు:

4.1. సమూహ సవరణ: క్వెరీసెట్ 'అప్‌డేట్' ద్వారా అనేక వరుసల్లో ఫైలు పేర్లను ఒకేసారి మార్చినప్పుడు మార్పు నేరుగా డేటాబేస్‌కు వెళుతుంది. వస్తువులు ఏర్పడవు, కేటాయింపు జరగదు, కొలతలు మారవు. ఎస్‌క్యూఎల్ వాక్యాలతో నేరుగా చేసే సవరణలకూ ఇదే వర్తిస్తుంది.

4.2. పాక్షిక భద్రత: 'సేవ్' చేసేటప్పుడు 'అప్‌డేట్‌ఫీల్డ్స్' అనే ఐచ్ఛికంలో చిత్రక్షేత్రం పేరు ఒక్కటే ఇస్తే, మెమరీలోని వస్తువులో కొలతలు మారతాయి, కాని డేటాబేస్‌లో చిత్రం పేరు మాత్రమే మారుతుంది. ఆ క్షణంలో పరీక్షిస్తే అంతా సరిగా కనిపించడం వల్ల ఈ దోషం సులభంగా పట్టుబడదు. వెడల్పు, ఎత్తు క్షేత్రాల పేర్లను కూడా జాబితాలో చేర్చడమే పరిష్కారం. 'బల్క్‌అప్‌డేట్' విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

4.3. భద్రపరిచాక కుదించడం: చాలామంది 'సేవ్' పద్ధతిని తిరగరాసి, ముందు చిత్రాన్ని భద్రపరిచి, ఆపై అదే ఫైలును తెరిచి చిన్నది చేసి అదే పేరుతో దాస్తారు. అప్పుడు డేటాబేస్‌లో ఉండేది కుదించకముందటి కొలత. కుదింపును ముందే ముగించి, సిద్ధమైన చిత్రాన్ని క్షేత్రానికి కేటాయించి, ఆ తరువాత ఒకేసారి భద్రపరచడం సరైన క్రమం.

4.4. బయటినుంచి మార్పు: నిల్వ ఫోల్డర్‌లోని చిత్రాలను వేరే సాఫ్ట్‌వేర్‌తో అంచులు కత్తిరించినా, తిప్పినా, కుదించినా ఫైలు పేరు మారదు కాబట్టి జాంగోకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

4.5. పట్టికల నుంచి దిగుమతి: స్కానింగ్ చేసినవారు ఇచ్చిన ఎక్సెల్ పట్టికలోని ఫైలు పేర్లు, కొలతలను యథాతథంగా చేర్చినప్పుడు, ఫైళ్లు అప్పటికే నిల్వలో ఉంటే, జాంగో ఆ కొలతలనే స్వీకరిస్తుంది. పట్టికలో వెడల్పు, ఎత్తులు తారుమారైతే డేటాబేస్‌లోనూ తారుమారుగానే ఉంటాయి.

4.6. ఖాళీ క్షేత్రాలు: ఇప్పటికే నడుస్తున్న నిధికి కొలతల క్షేత్రాలను కొత్తగా చేర్చితే పాత వరుసలన్నింటిలో అవి ఖాళీగా ఉంటాయి. ఆ వరుసలను చదివిన ప్రతిసారీ జాంగో ఫైలును తెరిచి కొలుస్తుంది. ఆ విలువ మెమరీలోనే ఉంటుంది తప్ప 'సేవ్' చేసేవరకు డేటాబేస్‌కు చేరదు. పైగా ఒక్క ఫైలు కనిపించకపోయినా వరుసను చదవడమే ఆగిపోవచ్చు. అందువల్ల క్షేత్రాలను చేర్చిన వెంటనే పాత వరుసలన్నింటినీ ఒకసారి నింపి భద్రపరచాలి.

4.7. దిశాసూచన: ఫోన్‌ను నిలువుగా పట్టి తీసిన ఫొటోను అనేక కెమెరాలు అడ్డంగానే భద్రపరిచి, 'తిప్పి చూపు' అనే సూచనను ఎగ్జిఫ్ సమాచారంలో చేరుస్తాయి. ఈ సూచన విలువ 1 నుంచి 8 వరకు ఉంటుంది. 5 నుంచి 8 వరకు ఉన్న విలువలకు వెడల్పు, ఎత్తులు పరస్పరం మారాలి. నేటి బ్రౌజర్లు ఈ సూచనను పాటించి చిత్రాన్ని నిలువుగా చూపుతాయి. జాంగో మాత్రం సూచనను పట్టించుకోకుండా ఫైలులోని పిక్సెళ్ల అమరికనే కొలుస్తుంది. ఫలితంగా 3024 వెడల్పు, 4032 ఎత్తుతో కనిపించే చిత్రం డేటాబేస్‌లో 4032 వెడల్పు, 3024 ఎత్తుగా నమోదవుతుంది. గ్రంథాలయాల్లో పరిశోధకులు ఫోన్‌తో తీసుకొనే పుటల చిత్రాల్లో ఇది తరచుగా ఎదురయ్యే సమస్య. పిల్లోలోని 'ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్' సౌకర్యంతో పిక్సెళ్లనే తిప్పి ఆ తరువాత భద్రపరిస్తే కొలత, దృశ్యం ఏకమవుతాయి. తిప్పకముందటి మూల ఫైలును వేరుగా దాచుకోవాలి.

5. పాఠపరిష్కరణపై ప్రభావం - ఒక ఉదాహరణ:

ఒక తాళపత్ర చిత్రం వెడల్పు 6000, ఎత్తు 800 పిక్సెళ్లు అనుకుందాం. పత్రంలో ఏడు పంక్తులు ఉన్నాయి, ఒక్కొక్క పంక్తికి సుమారు 100 పిక్సెళ్ల ఎత్తు. ఒక పరిశోధకుడు ఎడమనుంచి 4200, పైనుంచి 500 పిక్సెళ్ల దగ్గర పాఠాంతరాన్ని గుర్తించాడు. ఆ తరువాత నిర్వాహకులు ఖాళీ అంచులను తొలగించారు. ఎడమ, కుడి వైపుల 200 చొప్పున, పైనా కిందా 50 చొప్పున పోగా చిత్రం 5600, 700 పిక్సెళ్లుగా మిగిలింది. ఇప్పుడు ఆ అక్షరం ఉన్నది ఎడమనుంచి 4000, పైనుంచి 450 దగ్గర.

డేటాబేస్‌లో పాత కొలతే ఉంటే, తెరపై చిత్రాన్ని ఏ నిష్పత్తిలో కుదించాలో లెక్కించేటప్పుడే తప్పు జరుగుతుంది. కొలతను మాత్రం 5600, 700గా సరిచేసి గుర్తును అలాగే ఉంచితే, నిష్పత్తి సరిగా వచ్చినా గుర్తు 50 పిక్సెళ్లు, అంటే అరపంక్తి, కిందికి దిగుతుంది. అది రెండు పంక్తుల నడుమ నిలిచి, ఏ పంక్తిని ఉద్దేశించిందో చెప్పలేని స్థితి ఏర్పడుతుంది. పద్యపాదాలను విడదీయకుండా వరుసగా రాసిన తాళపత్రాల్లో ఇది చిన్న విషయం కాదు. ఒక పద్యానికి చెందిన పాఠాంతరం పక్క పద్యానికి చెందినదిగా తోచవచ్చు.

మరొక సందర్భం చూద్దాం. అదే చిత్రాన్ని కత్తిరించకుండా సగానికి, అంటే 3000, 400 పిక్సెళ్లకు, కుదించారు. కొలతలు కొత్త విలువలకు మారాయి. గుర్తు మాత్రం 4200 దగ్గరే ఉంది. చిత్రం వెడల్పే 3000 కాబట్టి గుర్తు పత్రం వెలుపల పడుతుంది. ఇక్కడ కొలత పూర్తిగా సరైనదే. అయినా గుర్తు తప్పింది.

దీన్ని బట్టి రెండు కొలతలను వేరువేరుగా గుర్తించాలని తేలుతుంది. ఒకటి ఫైలు ప్రస్తుత కొలత. రెండవది గుర్తు పెట్టిననాటి ఆధారకొలత. మొదటిది ఫైలుతోపాటు మారాలి. రెండవది మారకూడదు. చిత్రాల పరస్పర వినిమయానికి రూపొందిన ట్రిపుల్ ఐ ఎఫ్ ప్రమాణంలో 'కాన్వాస్' అనే భావన ఈ అవసరాన్నే తీరుస్తుంది. గుర్తులు కాన్వాస్ కొలతను ఆధారంగా చేసుకొంటాయి. దానిపై ఉంచే చిత్రం కొలత వేరుగా ఉండవచ్చు. జాంగోలో గుర్తుల మోడల్‌లో ఆధార వెడల్పు, ఆధార ఎత్తు అనే రెండు సాధారణ పూర్ణాంక క్షేత్రాలను ఉంచి, వాటిని ఇమేజ్‌ఫీల్డ్‌కు ముడిపెట్టకుండా ఉంటే చాలు. కుదించిన సందర్భంలో కొత్త స్థానాన్ని నిష్పత్తితో లెక్కించవచ్చు. కత్తిరించిన సందర్భంలో మాత్రం ఏ వైపు ఎంత తీసివేశారో కూడా నమోదు చేయాలి. ఆ సమాచారం కొలతల్లో ఉండదు.

6. సరిచూసే పద్ధతి:

వెడల్పు, ఎత్తులు రెండూ ధనసంఖ్యలుగా ఉండాలని డేటాబేస్‌లో నిబంధన విధించవచ్చు. కాని ఫైలు లోపల ఏముందో డేటాబేస్‌కు కనిపించదు. అందువల్ల నిర్ణీత వ్యవధిలో ఫైళ్లను తెరిచి సరిచూసే ఆదేశాన్ని జాంగోలో ప్రత్యేకంగా రాసుకోవాలి. పిల్లో ఫైలును తెరిచినప్పుడు మొదట శీర్షభాగాన్ని మాత్రమే చదువుతుంది కాబట్టి కొలత తెలుసుకోవడానికి పూర్తి చిత్రాన్ని విప్పవలసిన అవసరం లేదు. ఒక వస్తువు ద్వారా ఒకసారి చదివిన కొలతను జాంగో ఆ వస్తువులోనే గుర్తుంచుకొంటుంది. కనుక సరిచూసేటప్పుడు ఫైలును ప్రతిసారీ కొత్తగా తెరవాలి.

ఫలితాలను నాలుగు వర్గాలుగా విభజించడం మేలు: సరిపోలినవి, సరిపోలనివి, ఫైలు లేనివి, ఫైలు ఉన్నా చదవడానికి వీలుకానివి. సరిపోలని కొలతను నిశ్శబ్దంగా దిద్దకుండా పాత విలువ, కొత్త విలువ, దిద్దిన తేదీ నమోదు చేయాలి. మూలపాఠాన్ని సవరించినప్పుడు అధోజ్ఞాపికలో పాత పాఠాన్ని చూపే పరిష్కర్త బాధ్యత ఇక్కడా వర్తిస్తుంది.

కొలత సరిపోలినంత మాత్రాన చిత్రం అదేనని చెప్పలేము. ఒకే కెమెరాతో ఒకే అమరికలో తీసిన పుటలన్నింటికీ ఒకే కొలత ఉంటుంది. రెండు పత్రాల చిత్రాలు తారుమారైనా, పత్రం తలకిందులైనా కొలతల్లో తేడా రాదు. ఈ కారణంగా ప్రతి ఫైలుకు ఎస్‌హెచ్‌ఏ-256 వంటి సంకేతముద్రను కూడా నమోదు చేయాలి. ఫైలులో ఒక్క బైటు మారినా ఈ ముద్ర మారుతుంది.

7. ముగింపు:

1. డేటాబేస్‌లోని చిత్రకొలత ఫైలులోని కొలతకు నకలు. జాంగో తన ద్వారా జరిగే కేటాయింపులను గమనిస్తుంది. సమూహ సవరణలను, ఫోల్డర్‌లో జరిగే మార్పులను గమనించదు.

2. నిండి ఉన్న కొలతను జాంగో మళ్లీ పరీక్షించదు. కనుక తొలి నమోదులోనే శ్రద్ధ అవసరం.

3. కుదింపు, దిశ సవరణ వంటివి చిత్రాన్ని భద్రపరచడానికి ముందే జరగాలి.

4. ఫైలు కొలత, గుర్తుల ఆధారకొలత వేరువేరు. మొదటిది ఫైలును అనుసరించాలి, రెండవది స్థిరంగా ఉండాలి.

5. కొలతతోపాటు సంకేతముద్రను నమోదు చేసి, నిర్ణీత వ్యవధిలో సరిచూడాలి.

చిత్రనిధులను సాంకేతిక నిపుణులు నిర్మించినా, ఒక పాఠాంతరం ఏ పంక్తిలో ఉందో చెప్పి దానికి సాక్ష్యం చూపవలసిన బాధ్యత పరిశోధకులదే. అందువల్ల నిధి రూపకల్పన దశలోనే, చిత్రం మారితే కొలత ఎలా మారుతుంది, గుర్తులు ఏ కొలతను ఆధారం చేసుకొన్నాయి అనే రెండు ప్రశ్నలను భాషాసాహిత్య పరిశోధకులు అడిగి తెలుసుకోవాలి.